నడిమి వయసు నగరం: బమ్రోలి మీదుగా రెండు శతాబ్దాల జనాభా

2001 జనగణన నాటికి బమ్రోలి పూర్తిగా ఊరూ కాదు, నగరమూ కాదు. సూరత్‌కు దక్షిణపు అంచున, ఉధ్నా, పాండేసరా పారిశ్రామికవాడల పక్కన ఉన్న ఆ చోటికి మునిసిపాలిటీ లేదు. జనగణన శాఖ మాత్రం దాన్ని ‘సెన్సస్ టౌన్’గా రాసుకుంది. ఆ హోదాకు మూడు కొలతలున్నాయి. జనం 5,000 దాటాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్లలో నూటికి 75 మందైనా సాగు కాని పనుల్లో ఉండాలి. మూడో కొలతలో ఆడవాళ్ల ప్రసక్తే లేదు. ఇంట్లో కూర్చుని కండెలు చుట్టినా, చీరలకు లేసులు కుట్టినా, రాళ్లు అతికించినా ఆ పని ఊరిని పట్టణం చేయదు. ఈ కొలత పెట్టినవాళ్లకు సూరత్ తెలియకపోవచ్చు గానీ, సూరత్‌కు మాత్రం అది కుట్టించినట్టు సరిపోయింది. 2011లో ఆ జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకు ఆడవాళ్లు 787 మందే. మన దేశపు పెద్ద నగరాల్లో ఇంతగా మగవాళ్లతో నిండిన నగరం మరొకటి దొరకడం కష్టం.

2006లో సూరత్ నగరపాలక సంస్థ చుట్టుపక్కల ఊళ్లను కలుపుకుని 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు విస్తరించింది. బమ్రోలి కూడా అందులో కలిసింది. ఎవరూ మూట కట్టలేదు, ఎవరూ రైలెక్కలేదు, అయినా అక్కడివాళ్లంతా నగరవాసులైపోయారు. 2001లో 24.33 లక్షలున్న సూరత్ జనాభా 2011కు 44.67 లక్షలైందని చదివినప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. ఆ పెరుగుదలలో కొంత నగరానికి వచ్చిన జనం, కొంత జనం మీదికి వచ్చిన నగరం.

దేశం మొత్తం మీద కూడా ఇదే తంతు. 2001లో 1,362 సెన్సస్ టౌన్లుంటే 2011లో 3,894 తేలాయి. స్వాతంత్ర్యం తర్వాత తొలిసారిగా ఆ దశాబ్దంలో పట్టణాల్లో పెరిగిన జనం పల్లెల్లో పెరిగిన జనాన్ని మించారు. పట్టణీకరణ అనగానే బోగీ తలుపు పట్టుకుని వేలాడే మనిషే మన కళ్లముందు మెదులుతాడు. కానీ దేశంలో పట్టణ జనాభా పెరుగుదలలో వలసది చిన్న వాటానే. పట్టణాల్లోనే పుట్టిన పిల్లలది పెద్ద వాటా, పేరు మారిన ఊళ్లది మరో వాటా. సూరత్ ఈ సూత్రానికి ఎదురు నిలిచే ఊరు. అది జనాన్ని కన్నదానికంటే తెచ్చుకున్నది ఎక్కువ.

నగరం తన జనాన్ని తాను కనలేదన్న మాట కొత్తది కాదు. 1662లో జాన్ గ్రాంట్ అనే లండన్ గుడ్డల వ్యాపారి చావుల పట్టీలు ముందేసుకుని లెక్కలు తీశాడు. లండన్‌లో బాప్టిజాల కంటే సమాధులే ఎక్కువని, అయినా ఊరు పెరుగుతోందంటే పల్లెల నుంచి వచ్చేవాళ్ల వల్లేనని తేల్చాడు. జనాభా శాస్త్రానికి పునాది వేసినవాడు గుడ్డల వ్యాపారి కావడం కాకతాళీయమే కావచ్చు, బమ్రోలి గురించి రాసేవాడికి మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఆ పుస్తకం వచ్చిన రెండేళ్లకు, 1664లో, శివాజీ సూరత్‌ను కొల్లగొట్టాడు. అప్పటికి అది మొఘలుల ప్రధాన రేవు. ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో, 1613లో సూరత్‌లో కొఠీలు పెట్టారు. తెలుగు నేతగాళ్ల గుడ్డ, గుజరాతీ వర్తకుల డబ్బు ఒకే సముద్ర వ్యాపారంలో కలిశాయి. సూరత్ షావుకారు విర్జీ వోరాకు గోల్కొండలోనూ వ్యవహారాలుండేవి. అప్పట్లో ప్రయాణం చేసింది గుడ్డ. నేసినవాడు మగ్గం గుంటలోనే ఉన్నాడు.

ఆ సూరత్ తర్వాత కుంగిపోయింది. బొంబాయి ఎదిగింది, తాపీ నది ముఖద్వారం పూడింది, 1837లో అగ్నిప్రమాదం, వరద ఒకే ఏడు వచ్చిపడ్డాయి. 1847 నాటికి జనం 80 వేలకు దిగజారారు. 1901లో లక్షా 19 వేలు. నగరాలు పెరగడమే తప్ప తరగవని అనుకునేవాళ్లు ఈ అంకెల దగ్గర కాసేపు ఆగాలి.

సరిగ్గా సూరత్ చిక్కిపోతున్న కాలంలోనే ప్రపంచం లావెక్కుతోంది. భూమ్మీద మనుషులు 100 కోట్లు కావడానికి 1804 దాకా పట్టింది. 200 కోట్లు 1927లో, 300 కోట్లు 1960లో. ఆ తర్వాత 1974, 1987, 1999, 2011, 2022, అంటే పదకొండు నుంచి పద్నాలుగేళ్లకో వంద కోట్లు. జనం ఎక్కువ మందిని కనడం మొదలుపెట్టారని చాలామంది అనుకుంటారు. కన్నది ఎప్పటిలాగే, చచ్చేవాళ్లు తగ్గారు. మన దేశంలో దీని గీత స్పష్టంగా కనిపిస్తుంది. 1918 ఇన్‌ఫ్లూయెంజా పుణ్యమా అని 1911-21 మధ్య దేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. 1921లో 25 కోట్లు, 1951లో 36 కోట్లు, 2011లో 121 కోట్లు. మాల్థస్ 1798లో జనం పెరిగితే తిండి చాలదన్నాడు. తిండి మాట అటుంచితే, చేతులకు పని చాలకపోవడం మాత్రం అతను చెప్పిన దారిలో రాలేదు. యంత్రం దారిలో వచ్చింది.

మాంచెస్టర్ 19వ శతాబ్దపు తొలి యాభై ఏళ్లలోనే నాలుగింతలైంది. అక్కడి మరమగ్గం ఇంగ్లండులోని చేమగ్గాన్ని ముందు మింగి, తర్వాత మన చేమగ్గం మీద పడింది. అయితే యూరప్‌కు ఒక వెసులుబాటు దొరికింది. 19వ శతాబ్దంలోనూ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనూ ఐదు కోట్ల మందికి పైగా సముద్రం దాటి అమెరికా ఖండాలకు, ఆస్ట్రేలియాకు వెళ్లి స్థిరపడ్డారు. మనవాళ్లూ సముద్రం దాటారు. మారిషస్‌కు, నాటాల్‌కు, ఫిజీకి ఒప్పందం మీద, బర్మాకు, మలయాకు మేస్త్రీల వెంట. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. తేడా ఏమిటంటే యూరప్ నుంచి వెళ్లినవాడు భూమి మీద హక్కుదారయ్యాడు, మనవాడు కూలీ పట్టీలో అంకె అయ్యాడు.

తెలంగాణ నేతగాళ్ల దారి నేల మీదిది, పడమటిది. బొంబాయిలో కామాఠీపుర అన్న పేరే నిజాం రాజ్యం నుంచి 18వ శతాబ్దం చివర్లో మొదలై వచ్చిన కూలీలది. వాళ్ల వెనకే పద్మశాలీలు. షోలాపూర్‌లో 1877లో మొదటి మిల్లు పెట్టారు. దక్కన్‌ను 1876-78 కరువు కాల్చేస్తున్న కాలమది. ఒక పక్క కరువు తోసింది, మరో పక్క మిల్లు పిలిచింది. షోలాపూర్ వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుందంటే ఆ పిలుపు ఎంతకాలం మోగిందో ఊహించుకోవచ్చు. తర్వాత భివండి. 1885లో లండన్‌లో రావెన్‌స్టీన్ వలసకు సూత్రాలు రాశాడు. చాలామంది దగ్గరికే వెళ్తారనీ, అంచెలంచెలుగా వెళ్తారనీ, దూరం వెళ్లేవాళ్లు పెద్ద వర్తక, పారిశ్రామిక కేంద్రాలకే వెళ్తారనీ, ప్రతి ప్రవాహానికీ ఒక ఎదురు ప్రవాహం ఉంటుందనీ. సిరిసిల్ల పేరైనా వినని ఆ మనిషి మన షోలాపూర్-బొంబాయి-భివండి-సూరత్ మెట్ల వరస ముందే చూసినట్టు రాశాడు.

ఆ వరసలో సూరత్ ఆఖరి మెట్టు. అక్కడికి పోయే దారి తెరిచింది బొంబాయి మిల్లులు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె గెలవలేదు, ముగిసిందని ఎవరూ ప్రకటించనూ లేదు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, నేత పని చిన్న చిన్న షెడ్లకు, యూనియన్ లేని చోట్లకు జారిపోయింది. 1985 జౌళి విధానం మరమగ్గానికి, సింథటిక్ నూలుకు బాట వేసింది. అప్పటికే జరీకి, ఆర్ట్ సిల్క్‌కు పేరున్న సూరత్ పాలిస్టర్ రాజధాని అయింది. 1971లో నాలుగు లక్షల డెబ్బై వేల ఊరు 1981లో ఏడు లక్షల డెబ్బై వేలు, 1991లో దాదాపు 15 లక్షలు.

ఆ జౌళి విధానం వచ్చిన ఏడే, 1985లో, కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఒక చేత్తో రక్షణ, మరో చేత్తో పోటీ. కాగితం మీద రెండూ ఉన్నాయి, సంతలో ఒక్కటే మిగిలింది. పోచంపల్లి చిటికీని, గద్వాల అంచును అచ్చేసిన సూరత్ చీర వరంగల్, నల్లగొండ దుకాణాల్లోకి వందల రూపాయల ధరకే దిగింది. వరంగల్ కొత్తవాడలోనో సిరిసిల్లలోనో మగ్గం ఆపేసినవాడు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, వార్ధా, భుసావళ్, జల్‌గావ్ మీదుగా తాపీ లోయ వెంట సూరత్‌లో దిగి, తన మగ్గాన్ని ఆపిన గుడ్డనే నేయడానికి కుదిరాడు. ఇందులో క్రూరత్వం ఉంది, తర్కమూ ఉంది. నేత తెలిసిన చేతికి దొరికే మొదటి పని నేతే.

బమ్రోలి, పాండేసరా, ఉధ్నా పరిసరాల్లో ఆ షెడ్డును ఖాతా అంటారు. ఒక్కొక్కరు ఆరేడు నుంచి పది పన్నెండు సాంచాలు, అంటే మరమగ్గాలు, చూసుకోవాలి. పన్నెండు గంటల పాళీ, పగలు ఒకరు, రాత్రి ఒకరు. కూలీ నేసిన గుడ్డను బట్టి. కరెంటు పోతే గుడ్డ లేదు, గుడ్డ లేకపోతే కూలీ లేదు. శబ్దానికి చెవులు దిబ్బళ్లు పడి, పక్కవాడితో సైగల్లో మాట్లాడుకోవడం కొన్నాళ్లకే అలవాటవుతుంది. నాగా పెడితే ఆ సాంచాల ముందు మరొకడు నిలబడతాడు.

ఈ షెడ్లలో తెలుగువాళ్లు మైనారిటీ. ఎక్కువ మంది ఒడిశా గంజాం జిల్లా వాళ్లు. అద్దకం మిల్లుల్లో ఉత్తరప్రదేశ్, బీహార్. వజ్రాలు సానపట్టే చోట సౌరాష్ట్ర పటేళ్లు. ఖాందేశ్ మరాఠీలు అన్నిటా. సమాజశాస్త్రం దృష్టితో చూస్తే ఒకే పేటలో రెండు రకాల వలస పక్కపక్కనే కనిపిస్తుంది. గంజాం మనిషి ఎక్కువగా ఒంటరిగా వస్తాడు. మెస్సులో తింటాడు, పది పదిహేను మంది ఉండే గదిలో ఒకే పరుపు మీద పగటి పాళీవాడు లేచాక రాత్రి పాళీవాడు పడుకుంటాడు. పెళ్లాం, పిల్లలు, తల్లిదండ్రులు, పొలం అన్నీ ఊళ్లోనే. తెలుగు పద్మశాలీలు కుటుంబంతో వచ్చారు, ఎందుకంటే చేనేత ఎన్నడూ ఒంటరి పని కాదు. మగ్గం మీద మగాడు, రాట్నం దగ్గర ఆడది, కండెల దగ్గర పిల్లలు, ఇల్లే కార్ఖానా. కుటుంబం వచ్చింది కాబట్టి మార్కండేయుడు వచ్చాడు, బతుకమ్మ వచ్చింది, బడి వచ్చింది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. హైదరాబాద్‌లోనే తెలుగు మాధ్యమం కోసం వెతుక్కునే రోజుల్లో ఇది కాస్త సిగ్గుపడాల్సిన విషయమేమో.

లూయీ వర్త్ 1938లో నగరం అంటే పరిమాణం, సాంద్రత, వైవిధ్యం అన్నాడు. ఈ మూడూ ఉన్నచోట బంధాలు పలచబడతాయని, మనిషి ఒంటరివాడవుతాడని అతని వాదం. చికాగోకు అది సరిపోయిందేమో. సూరత్‌లోని లింబాయత్ తెలుగు వీధుల్లో మాత్రం కులం, మేనరికం, ఊరిపేరు నగరానికి వచ్చాక చిక్కబడ్డాయి. గది దొరకాలన్నా, పని కుదరాలన్నా, చావుకు నలుగురు భుజం పట్టాలన్నా ఊరివాళ్లే దిక్కు. డచ్ సమాజశాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1960ల నుంచి దక్షిణ గుజరాత్ కూలీల వెంట తిరిగి చెప్పిన మాట ఇంకా సూటిగా ఉంటుంది. వీళ్లు నగరంలో స్థిరపడలేదు, స్థిరపడనివ్వలేదు, తిరుగుతూనే ఉంచారు.

నా మటుకు దీన్ని ఖర్చు లెక్కగా చూస్తాను. మనిషి బతుకులో మూడు భాగాలుంటాయి: పెరిగే వయసు, పనిచేసే వయసు, ఒరిగే వయసు. మొదటిదానికి, మూడోదానికి ఖర్చు. నడిమిది మాత్రమే ఆదాయం. బమ్రోలి లాంటి చోటు నడిమి భాగాన్ని తీసుకుని, ముందూ వెనకా ఊరికి వదిలేసింది. పుట్టుక ఖర్చు గంజాందో వరంగల్‌దో, ముసలితనం ఖర్చూ అక్కడిదే. సూరత్ చీర అంత చవగ్గా దొరకడానికి పాలిస్టర్ ఒక్కటే కారణం కాదు. గ్రాంట్ కాలపు లండన్ పల్లెల నుంచి మనుషుల్ని తెచ్చుకుని మట్టిలో కలిపింది. ఈ నగరం ప్రాణం తీయదు, అలిసిపోయినవాడిని రైలెక్కిస్తుంది. ప్రగతి అంటే ప్రగతే.

నగరానికీ ఈ కార్మికుడికీ మధ్య బంధం ఎంత పలచనిదో రెండు సందర్భాలు చూపించాయి. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పొక్కగానే కొద్ది రోజుల్లో లక్షల మంది నగరం వదిలారు. మరుసటి ఏడు కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు, పూర్తి పేరు సూర్యదేవర రామచంద్రరావు, చెత్త ఎత్తించి, ఆక్రమణలు కూల్చి, అధికారులను ఏసీ గదుల నుంచి వీధుల్లోకి దించి ఊరి రూపు మార్చారు. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సూరత్ శుభ్రతకు ఇప్పుడొచ్చే బహుమతుల వెనక ఆ రెండేళ్ల పునాది ఉంది. కానీ వీధి బాగుపడినంతగా ఆ వీధిలో పనిచేసేవాడి హక్కు బాగుపడలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన వారం తిరక్కుండానే పాండేసరాలో కార్మికులు రోడ్డెక్కారు. జీతం, తిండి, ఇంటికి పోనివ్వడం, అంతే వాళ్లు అడిగింది. వరసగా నలభై ఏళ్లు మనుషుల్ని పీల్చుకున్న నగరం నాలుగు వారాలు వాళ్లకు అన్నం పెట్టలేకపోయింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఒకటుందని చాలామందికి అప్పుడే తెలిసింది.

జనాభా జోస్యాల చరిత్ర మరో రకం నవ్వులాట. 1962లో కింగ్స్లీ డేవిస్ అనే పేరుమోసిన అమెరికా సమాజశాస్త్రవేత్త, భారత జనాభా మీద గొప్ప పుస్తకం రాసినవాడు, 2000 నాటికి కలకత్తా జనం 3.6 కోట్ల నుంచి 6.6 కోట్ల దాకా ఉంటారని లెక్కకట్టాడు. 2001లో తేలింది 1.3 కోట్లు. 1968లో పాల్ ఎర్లిక్ ‘ది పాపులేషన్ బాంబ్’ రాసి, 1970ల్లో కోట్ల మంది ఆకలితో చస్తారన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రపంచ జనాభా వృద్ధి రేటు ఏటా రెండు శాతం దాటి శిఖరానికి చేరి, దిగడం మొదలుపెట్టింది. ఇప్పుడది ఒక శాతం కంటే తక్కువ. 2080లలో 1,030 కోట్ల దగ్గర ఆగి తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. ఈ అంచనానూ డేవిస్ లెక్క పక్కన పెట్టుకునే చదవాలి.

తెలుగు నేల మీద ఆ దిగుడు ముందే వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి వీల్లేదని 1994లో పెట్టిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ముప్పై ఏళ్లలో అదే రాష్ట్రం కనొద్దు నుంచి కనండి దాకా వచ్చింది. హైదరాబాద్‌లో మేడలు కట్టేది ఇప్పుడు ఒడిశా, బీహార్ చేతులు. అంటే మనమూ ఇతరుల నడిమి వయసును వాడుకునే వరసలో చేరాం. శంషాబాద్ రోడ్డు పక్కన రేకుల షెడ్లు చూసినప్పుడు సూరత్ మీద తెలుగువాడు వేసే నింద కాస్త నెమ్మదించక తప్పదు.

రావెన్‌స్టీన్ చెప్పిన ఎదురు ప్రవాహం కోసం తెలంగాణ ప్రభుత్వం కూడా ప్రయత్నించింది. 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర గీసుగొండ మండలంలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేస్తూ, సూరత్, భివండి, షోలాపూర్ వెళ్లినవాళ్లు తిరిగి రావాలని చెప్పుకుంది. అదే ఏడు మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు, ఆత్మహత్యలతో వార్తలకెక్కిన సిరిసిల్ల సాంచాలకు కొంత ఊపిరి పోశాయి. అంతకు ముందు నుంచే ‘ఆసరా’లో చేనేత కార్మికుడికి యాభై ఏళ్లకే పింఛను ఉంది. మంచివే ఇవన్నీ. కానీ ముప్పై ఏళ్లు పాలిస్టర్ నేసి మోకాళ్లు అరిగి కొత్తవాడ చేరినవాడి పింఛను ఎవరు కట్టాలి? అతని పనిని అనుభవించింది ఒక రాష్ట్రం, అతని దరఖాస్తు చేరేది మరో రాష్ట్రపు బల్ల మీదికి. పార్కు పిలుపు అందుకోవాల్సిన అతని కొడుకేమో సూరత్ బట్టల మార్కెట్‌లో గుజరాతీలో బేరమాడుతున్నాడు. సాంచా ముందు నిలబడడం అతనికి ఇష్టం లేదు, తండ్రికీ ఇష్టం లేదు.

2021లో జరగాల్సిన జనగణన 2027 మార్చి 1 అర్ధరాత్రిని ప్రామాణిక సమయంగా పెట్టుకుని జరగబోతోంది. 1881 నుంచి పదేళ్లకోసారి తప్పని లెక్క ఇది, ఈసారే తప్పింది. ఈ పదహారేళ్లూ సూరత్ పేరు మీద అందరూ వాడుతున్నది 2011 అంకెలే. 2011 వలస పట్టికలు బయటకు రావడానికే ఎనిమిదేళ్లు పట్టింది. దేశంలో 45 కోట్ల మంది పుట్టినచోటో, అంతకు ముందున్న చోటో వదిలి ఉంటున్నారని అవి చెప్పాయి. వచ్చేసారి పట్టికల్లోనూ బమ్రోలికి వేరే వరస ఉండదు, సూరత్ అంకెలో కలిసిపోతుంది. సాంచాల దగ్గర నిలబడ్డవాడిని గది దగ్గర వెతికితే దొరకడు, ఊళ్లో భార్య చెప్పిన పేర్లలో అతను ఇంటి పెద్దగా ఉంటాడు. లెక్కించేవాళ్లకు రాత్రి పాళీ ఎప్పుడు మారుతుందో ముందే చెప్పి పంపితే మంచిది.